రెప్పెయ్యొద్దు మావయ్య వామనేత్ర విజయం

వినుడు, వినుడు! ఫారములు నింపినవారలారా, నింపబోవువారలారా, నల్లసిరాకు బదులు నీలిసిరా వాడితిరని చించి పారవేయగా కన్నీరు దిగమింగి మరల మొదటినుండి నింపినవారలారా, చెవులొగ్గి వినుడు! ఒకానొక శుక్రవారమున, ఉదయము తొమ్మిదిన్నర గంటల శుభవేళ, సహస్రకిరణుడు గుర్తింపు కార్డుల కార్యాలయపు రేకుల కప్పును పెనమువలె కాల్చుచుండగా, లోపల ఒక ఫ్యాను తిరుగుచు, మరియొక ఫ్యాను తిరుగుదునా వద్దా యని తర్కించుకొనుచు, నాలుగు గవాక్షములలో మూడు మూసి ఒక్కటి మాత్రమే తెరచియున్న ఆ మహాసౌధమున, చంకలో ప్లాస్టిక్ సంచియు, చేత నలభై ఏడవ నంబరు టోకెనును ధరించి, అరువదియారేండ్ల వీరుడొకడు అడుగిడెను.

ఎవరా వీరుడు? ఛాయాగ్రహణధురంధరుడు! వేనవేల వదనారవిందాలను అంగుళమున్నర కాగితంలో బంధించిన ప్రతాపశాలి! నల్లగుడ్డ కప్పుకున్న కాలం నుంచి నిన్నమొన్నటి దాకా, నలభై ఏళ్లపాటు, బజారు చివరి స్టూడియోలో ఎడమ కన్ను మూసి, కుడి కన్ను కెమెరాకు ఆనించి, "రెప్పెయ్యొద్దు, రెప్పెయ్యొద్దు" అని ఊరందరినీ అదిలించినవాడు. అందుకే ఊరు ఆయనకు రెప్పెయ్యొద్దు మావయ్య అని బిరుదిచ్చింది. అసలు పేరు ఆయనకే ఒకోసారి గుర్తుండేది కాదు.

అంతటివాడికి గుర్తింపు కార్డు లేదు. నవ్వకండి. ఊరంతా కార్డులకు ఎగబడిన రోజుల్లో ఆయన ఆ ఊరంతటికీ ఫోటోలు తీస్తూ కూర్చున్నాడు. తరవాత తీసుకోవచ్చులే అనుకున్నాడు. ఆ "తరవాత" పదిహేనేళ్లు సాగింది. కార్డు లేకపోయినా కొంప మునగలేదు కాబట్టి ఎవరూ పట్టించుకోలేదు.

ఇప్పుడు మునుగుతోంది. మూడేళ్లు కళ్లు కాయలు కాచేలా ఎదురుచూశాక ఆయన కూతురికి ఆసుపత్రిలో నర్సు ఉద్యోగం వచ్చింది. సోమవారం చేరాలి. డ్యూటీ పగలు పన్నెండు నుంచి ఎనిమిది. ఆమెకు ఆరేళ్ల పాప. బడి వదిలేది మూడున్నరకు. పాప తండ్రి లారీ మీద ఉంటాడు, నెలకు ఇరవై రోజులు ఏ రోడ్డు మీద ఉన్నాడో ఆ రోడ్డుకే తెలియాలి. బడివాళ్లు కొత్తగా ఒక శాసనం జారీ చేశారు: గుర్తింపు కార్డు గానీ, కనీసం కార్డుకు దరఖాస్తు చేసిన ఫోటో రసీదు గానీ చూపనివారికి పిల్లల్ని అప్పగించరు. బడికి పోవాలంటే రైలు పట్టాల మీది వంతెన ఎక్కాలి, యాభై ఎనిమిది మెట్లు. అమ్మమ్మకు కార్డు ఉంది, మోకాళ్లు లేవు. తాతయ్యకు మోకాళ్లు ఉన్నాయి, కార్డు లేదు. ఇద్దరినీ కలిపి ఒక మనిషిని చేసే విద్య ఇంకా ఎవరూ కనిపెట్టలేదు. కాబట్టి ఈ శుక్రవారం ఒంటిగంటకు గవాక్షం మూసేలోపు రసీదు చేతికి రాకపోతే కూతురు ఉద్యోగం వదులుకోవాలి. ఆ పిల్ల ఆ మాట పైకి అనలేదు. రాత్రి భోజనం దగ్గర, "పర్లేదులే నాన్నా, ఇంకోటి చూసుకుంటా" అని మాత్రం అంది. అది విన్న మావయ్య సగం భోజనంలోనే లేచి చెయ్యి కడిగేసుకున్నాడు.

అందుచేత వచ్చాడు. ఆయన వెనక ఆటో దిగి, ఒక్కో అడుగూ లెక్కపెట్టుకుంటూ ఆయన అర్ధాంగి కూడా వచ్చి, గోడవారన బల్ల మీద కూలబడింది.

ఆ గోడమీదనే వెలసియున్నది అర్హతా నిబంధనల శాసనఫలకము! నిబంధనలు పద్నాలుగు, ఉపనిబంధనలు అనంతములు. దరఖాస్తుదారు గడచిన పన్నెండు నెలలలో నూట ఎనభై రెండు దినములు ఈ నేలపై నివసించియుండవలెను. ఇదివరకు దరఖాస్తు చేసియుండరాదు. తాను తానేనని నిరూపించు పత్రమొకటి, తన ఇల్లు తనదేనని నిరూపించు పత్రమొకటి, తాను పుట్టితినని నిరూపించు పత్రమొకటి తేవలెను. మావయ్య మొదటి రెంటికీ తడుముకోకుండా అర్హుడు. అరవై ఆరేళ్లలో ఆయన ఊరు దాటిందే పదకొండు సార్లు, అందులో ఎనిమిది పెళ్లిళ్లకు ఫోటోలు తీయడానికి. మూడోదాని దగ్గరే చిక్కొచ్చింది. కరెంటు బిల్లు, ఇంటి పన్ను, గ్యాసు అన్నీ భార్య పేరు మీద ఉన్నాయి, ఎందుకంటే ఆ ఆఫీసుల చుట్టూ తిరిగింది ఆవిడ. చదువుకున్న సర్టిఫికెట్టును చెదపురుగులు ఎప్పుడో ఆమూలాగ్రం చదివేశాయి.

పదకొండు నలభైకి నలభై ఏడవ నంబరు పిలిచారు. గవాక్షం వెనక కుర్చీలో, ఫైళ్ల కోటగోడల నడుమ, తలపై నాలుగు వెంట్రుకలను నాలుగు దిక్కులకూ సమానంగా పంచిన గుమాస్తా ఆసీనుడై ఉన్నాడు. మెడలో నీలం తాడుకు ఆయన సొంత కార్డు తిరగబడి వేలాడుతోంది.

"ఐడీ ప్రూఫ్ ఏముంది?" అన్నాడు తల ఎత్తకుండా.

"అది లేకే కదండీ వచ్చాను."

"అది లేకపోతే ఇది రాదు."

"ఇది ఉంటే నాకు అదెందుకండీ?"

గుమాస్తా తల ఎత్తాడు. మావయ్య రక్తం సలసల కాగింది. "ఓయీ గవాక్షాధిపా! గుర్తింపు కొరకు వచ్చినవానిని గుర్తింపు తెమ్మందువా? దాహమని నూతికి వచ్చినవానిని చెంబెడు నీరు తెచ్చి తోడుకొమ్మందువా? ఈ ముఖమును చూడుము! ఈ ముడుతలు నావి కావా? ఈ ముక్కు అద్దెకు తెచ్చినదా? నేనే నేను కాకపోయినచో, నా భార్య ఇన్నేండ్లు తిట్టినది ఎవరిని?" అని మనసులో దిక్కులు పిక్కటిల్లేలా గర్జించి, పైకి మాత్రం, "కాస్త చూడండి సార్," అన్నాడు.

అంత గర్జన కళ్లలోంచి కొంచెం బయటికి పొంగిందేమో, గుమాస్తా మెత్తబడి నిబంధనల పుస్తకం తిరగేశాడు. "ఏడో రూలు ఉంది. కాగితాలేం లేకపోతే, మిమ్మల్ని అయిదేళ్లుగా ఎరిగినవాళ్లు, కార్డున్నవాళ్లు ఎవరైనా హామీ ఇవ్వాలి."

మాట పూర్తవకముందే అర్ధాంగి మోకాళ్లు పట్టుకుని లేచి, కార్డు కిటికీలోకి తోసింది. "అయిదేళ్లేంటి బాబూ, ముప్ఫై ఎనిమిదేళ్ల నుంచి ఎరుగుదును."

"మీరేమవుతారు?"

"భార్యని."

"అయితే చెల్లదమ్మా. బంధువులు పనికిరారు."

"ఈయనెవరో నాకంటే ఎవరికి తెలుస్తుందయ్యా?"

"అదేనమ్మా, మీకు మరీ ఎక్కువ తెలుసు."

హాలులో కిసుక్కున నవ్వులు లేచాయి. అప్పుడు, వెనక నిలబడి ఉన్న సెలూన్ యజమాని, ఇంటి నంబరు దిద్దించుకోవడానికి వచ్చినవాడు, చెయ్యి ముందుకు చాచాడు. "సార్, నేను హామీ. నా కార్డు మీద ఫోటో మావయ్య తీసిందే. చూడండి." కార్డులో సెలూన్ ఆయన ముదురునీలం కోటు, ఎర్ర టై కట్టుకుని గంభీరంగా ఉన్నాడు. ఆయన వెనకున్న బస్సు కండక్టరు ఊరుకుంటాడా? తన కార్డూ తీశాడు. ముదురునీలం కోటు, ఎర్ర టై. బేకరీ ఆయన తీశాడు. మళ్లీ అదే కోటు, అదే టై, కుడి భుజం మీద అదే ఇస్త్రీపెట్టె కాల్చిన మచ్చ. తలుపు దగ్గర కాపలా ఉన్న సెక్యూరిటీ మనిషి కూడా ఆగలేక తనదీ తెచ్చి కౌంటరు మీద పరిచాడు.

గుమాస్తా నాలుగు కార్డులూ వరసగా పెట్టి చూశాడు. ముఖం ఎర్రబడింది. "ఏంటిది? నలుగురు మనుషులు, ఒక్కటే కోటు! ఇదేదో పెద్ద ముఠా వ్యవహారంలా ఉందే!"

ఆ మహాసౌధమున కిసుకిసలన్నియు ఆగిపోయెను. అనుమానపు ఫ్యాను కూడా ఆగిపోయింది.

"ముఠా కాదండీ," అన్నాడు మావయ్య, సిగ్గుపడుతూ. "మా స్టూడియోలో మేకుకు తగిలించి ఉండేదండీ ఆ కోటు. కోటుంటే మనిషి కాస్త ఉద్యోగస్తుడిలా ఉంటాడని, వచ్చినవాళ్లందరికీ తొడిగేవాణ్ణి. చేతులు పొడుగైతే లోపలికి మడిచి గుండుసూది పెట్టేవాణ్ణి."

గుమాస్తా చెయ్యి తనకు తెలియకుండానే మెడలోని తాడు మీదికి పోయింది. తిరగబడి ఉన్న కార్డును మెల్లగా తిప్పి చూసుకున్నాడు. పాతికేళ్లప్పుడు, నిండు జుట్టుతో, మొదటి ఉద్యోగానికి దిగిన ఫోటో. ముదురునీలం కోటు. ఎర్ర టై. భుజం మీద మచ్చ. ఆ రోజు ఆయనకు ఆ కోటు తొడిగి గుండీలు పెట్టిందెవరో, "ఉద్యోగం వస్తుందిలే, రెప్పెయ్యొద్దు" అన్నదెవరో ఆయనకు గుర్తొచ్చినట్టుంది. కార్డును చప్పున చొక్కా జేబులో దాచి, గొంతు సవరించుకున్నాడు.

"మావయ్యా, మీరా? మొదటే చెప్పొచ్చుగా!"

"మొదట్లో మీరు తల ఎత్తలేదుగా బాబూ."

ఠాప్! ముద్ర పడింది. గుంపు చప్పట్లు కొట్టింది. ఇంటి రుజువుకు భార్య కరెంటు బిల్లు, పుట్టుకకు తన ప్రమాణపత్రం చాలన్నారు. అర్హతా మహాదుర్గపు మొదటి ప్రాకారం కూలింది. గడియారంలో పన్నెండుంబావు.

కానీ శత్రువు బయట లేడు, మావయ్యలోనే పొంచి ఉన్నాడు. ఆ సంగతి పక్కగదిలో, కంప్యూటరు ముందు కూర్చున్న పిల్ల కెమెరాను ఆయన వైపు తిప్పినప్పుడు బయటపడింది. స్టూడియో ఫోటోలు అంటించే రోజులు పోయాయి, ఇప్పుడు ఫోటో ఇక్కడే తీస్తారు. ఆ పిల్లకు పాతికేళ్లు కూడా ఉండవు. నోట్లో పెన్ను, కళ్లలో నిద్ర. "కదలకండి తాతగారూ. నవ్వకూడదు, నోరు మూయాలి, రెండు కళ్లూ తెరిచి ఉండాలి. పదమూడో రూలు. ఈ మిషను ఒక మనిషికి రోజుకు అయిదుసార్లే తీయనిస్తుంది. ఆ తరవాత పదిహేను రోజులు ఆగి మళ్లీ రావాలి."

"నాకే చెప్తున్నావా తల్లీ!" అని మావయ్య మీసం సవరించుకున్నాడు.

ఖ్లిక్, అంది యంత్రం. తెర ఎర్రబడింది. తిరస్కరించబడినది.

పిల్ల ఫోటోను చూసి, నోట్లోని పెన్ను తీసింది. "తాతగారూ! కన్ను కొడుతున్నారేంటండీ?"

తలుపు దగ్గర నిలబడ్డ అర్ధాంగి, "ఏంటండీ ఈ వయసులో?" అంది.

మావయ్య నిలువునా నీరైపోయాడు. కన్ను కొట్టలేదు మహాప్రభో! నలభై ఏళ్లపాటు క్లిక్కుమన్నప్పుడల్లా మూసుకోవడానికి అలవాటుపడ్డ ఎడమ కన్ను, ఎదుటి కెమెరాయో చేతి కెమెరాయో చూసుకోకుండా, తన ధర్మం తాను నిర్వర్తించింది. అందరికీ శకునం చెప్పే బల్లి కుడితిలో పడ్డట్టయింది. రెండోసారి పళ్లు బిగించి కూర్చున్నాడు. ఖ్లిక్. కన్ను మూసుకుంది. "ఆ శబ్దం తీసెయ్యమ్మా," అని వేడుకుంటే, పిల్ల తీసేసింది. మూడోసారి శబ్దం లేదు, కానీ పిల్ల వేలు కదలడం కనబడింది. ఆ మాత్రం చాలు, కన్ను టపీమని మూసుకుంది. నాలుగోసారి ఎడమ రెప్పను చూపుడువేలితో పైకెత్తి పట్టుకున్నాడు. చెయ్యి కనబడుతోంది, తిరస్కరించబడినది.

పన్నెండు ఏభై రెండు. మిగిలింది ఒక్క అస్త్రం.

"ఓసీ వామనేత్రచ్ఛదమా!" అని మావయ్య తనలో తాను ఆక్రోశించాడు. "నలువది సంవత్సరములు నా ఉప్పు తిని, నేడు నన్ను నట్టేట ముంచుదువా? నీవు మూసికొన్నందువలననే గదా నేను లోకమును చక్కగా చూచితిని! నీ సేవను మెచ్చితిని, ఇక చాలును! ఒక్క లిప్తకాలము తెరచియుండుము. నా కూతురు తెల్లని బట్టలు కట్టుకొని ఉద్యోగమునకు పోవలెను. నా మనవరాలు గేటు దగ్గర దిక్కులు చూడరాదు. కావలసినచో సోమవారమునుండి ఆజన్మాంతము నిద్రింపుము, అడగను!" ఆ రెప్ప వణికింది. కానీ మాట ఇవ్వలేదు. మావయ్య కళ్లలో నీళ్లు తిరిగాయి. తన కూతురి ఉద్యోగం తన కనురెప్ప మూలంగా పోతుందని ఏ తండ్రి అనుకుంటాడు? ఆయనకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి.

"పెదాలు గట్టిగా మూయండి తాతగారూ. ఇదే ఆఖరిది," అంది పిల్ల. ఆ పిల్లకు కూడా నిద్ర వదిలిపోయింది.

అప్పుడు అర్ధాంగి తలుపు వదిలి, రెండడుగులు ముందుకు వేసి, కెమెరా పక్కన నిలబడి, కూరగాయల సంగతి చెప్పినంత మామూలుగా అంది:

"ఏవండీ, చెప్పడం మరిచాను. మీ పాత కెమెరా, స్టాండూ పొద్దున పాత సామాను అతనికి వేసేశానండీ."

ఆహా, ఏమని వర్ణింతును ఆ మహాక్షణమును! కుడి కన్ను తెరచుకొనెను! ఎడమ కన్ను తెరచుకొనెను! తెరచుకొనుటయే కాదు, ఇన్నేండ్ల బాకీని ఒక్కమారు తీర్చునట్లు నిమ్మకాయంత అయ్యెను! కనుబొమలు లేచి వెంట్రుకలలో కలిసెను! నోరు తెరవబోయి, పెదాలు మూయుమన్న ఆన గుర్తుకు వచ్చి, రెండు పెదాలును ఒకదానినొకటి కరచుకొని ఆగెను! ఆ లిప్తలోనే పిల్ల వేలు నొక్కింది.

తెర పచ్చబడింది. ఆమోదించబడినది.

"వచ్చేసింది!" అని పిల్ల కుర్చీలోంచి ఎగిరింది. సెలూన్ ఆయన ఈల వేశాడు. గుమాస్తా గవాక్షం వదిలి పరుగెత్తుకొచ్చాడు, ఆ కార్యాలయ చరిత్రలో ఆయన పరుగెత్తడం అదే మొదటిసారి. మావయ్య మాత్రం ఎవరినీ చూడలేదు. "ఏమోయ్, నిజంగా వేసేశావా?" అని దీనంగా అడిగాడు.

"నేనేమన్నా పిచ్చిదాన్నా? కెమెరా బీరువాలో నా చీరల కింద భద్రంగా ఉంది," అంది ఆవిడ, ఆయన చొక్కా కాలరు సరిచేస్తూ. కాస్త ఆగి, "స్టాండు మాత్రం నిజంగానే వేసేశాను. ఎప్పుడూ కాళ్లకు తగులుతోంది," అంది.

ఆయనకు కోపం రావలసింది, రాలేదు. చేతిలో ప్రింటరు నుంచి అప్పుడే వచ్చిన వెచ్చటి రసీదు ఉంది మరి.

సోమవారం మూడున్నరకు రెప్పెయ్యొద్దు మావయ్య వంతెన దాటి, ఇస్త్రీ చొక్కాలో, బడి గేటు ముందు నిలిచాడు. గేటు దగ్గర కాపలా ఆయమ్మ ఉంది. లాటరీ టికెట్టు చూసినట్టు రసీదును అటూ ఇటూ తిప్పి చూసి, ఆయన ముఖం చూసి, మళ్లీ రసీదు చూసి, అడ్డంగా తల ఊపింది.

"ఇందులో ఉన్నాయన మీరు కాదండీ."

"నేనేనమ్మా!"

"ఈయనెవరో దెయ్యాన్ని చూసినట్టున్నాడు. మీరేమో పెద్దమనిషిలా ఉన్నారు. ఫోటోకీ మనిషికీ పోలిక ఉంటేనే పంపాలి, అదీ రూలు."

గేటు లోపల వరసలో ఆరేళ్ల పాప సంచి తగిలించుకుని నిలబడి, ఇటే చూస్తోంది. మిగతా పిల్లలు ఒక్కొక్కరే వెళ్లిపోతున్నారు. మావయ్య ఊపిరి బిగబట్టాడు. చుట్టూ తల్లులు, తండ్రులు, ఆటోవాళ్లు చూస్తున్నారు. చూస్తే చూడనీ! కనుబొమలు పైకి లాగాడు. పెదాలు కరిచాడు. పాత సామాను బండిలో, తుక్కు ఇనుము మధ్య, తన స్టాండు మూడు కాళ్లూ పైకెత్తి వెళ్లిపోతున్న దృశ్యాన్ని మనసులోకి తెచ్చుకున్నాడు. రెండు కళ్లూ భగ్గుమని తెరుచుకున్నాయి.

"ఆఁ, ఇప్పుడు మీరే," అంది ఆయమ్మ.

పాప అది చూసింది. ఎందుకో ఏమిటో అడగలేదు. తాతయ్య ఆట మొదలుపెట్టాడనుకుందేమో, గేటు దగ్గరికి పరుగెత్తుకొచ్చి, తనూ కనుబొమలు పైకి లాగి, పెదాలు కరిచి, నిమ్మకాయలంత కళ్లతో నిలబడింది. అచ్చు అదే ముఖం. ముక్కుతో సహా.

ఆయమ్మ ఇద్దరినీ చూసింది. రసీదు మడిచి ఇచ్చేసింది. "ఇంకేం కార్డు కావాలండీ మీకు? మనవరాలే, తీసుకెళ్లండి." వాళ్లు నాలుగడుగులు వేశాక వెనక నుంచి కేకేసింది: "రేపు మాత్రం రసీదు మర్చిపోకండి. రూలు రూలే!"

వినుడు, జనులారా! ఇట్లు నిబంధనారణ్యమును ఛేదించి, స్వనేత్రమును జయించి, పద్నాలుగు నిబంధనలకును అర్హుడైన ఆ మహావీరుడు, అశేష తల్లిదండ్రులు చూచుచుండగా, దినమునకొకమారు, మూడున్నర గంటలకు, గేటు ముందు వెర్రిముఖము పెట్టు సర్వహక్కులను సంపాదించెను! ఆ సోమవారం అదే వేళకు ఆసుపత్రిలో ఆయన కూతురు, మొదటి రోజు డ్యూటీలో, ఒక రోగికి జ్వరం చూస్తోంది.